కాలువ గట్టున ప్రపంచం

పేపర్లో అంతర్జాతీయ వార్తల పేజీ తెరిస్తే చాలామందికి తల తిరుగుతుంది. నిన్నటి బద్ధశత్రువులు ఇవాళ చేతులు కలుపుతారు. ఎక్కడో యుద్ధం మొదలైతే ఇక్కడ పెట్రోలు ధర కదులుతుంది. ఎవరు ఎవరి పక్షమో తెలిసేలోపే పక్షాలు మారిపోతాయి. ఈ చిక్కుముడిని విప్పాలంటే ఒక్క చోటు చూస్తే చాలు. అది ఎడారి ఇసుకలో మనుషులు తవ్విన ఓ కాలువ. ఒకటిన్నర శతాబ్దంగా ప్రపంచ పెద్దరికం ఎవరి చేతినుంచి ఎవరి చేతికి మారిందో దాని గట్టున నిలబడితే కనిపిస్తుంది!

2024 జనవరి 26. మన దేశమంతా గణతంత్ర దినోత్సవం జరుపుకున్న రోజు. ఆ రాత్రి గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో 'మార్లిన్ లువాండా' అనే నౌక మంటల్లో చిక్కుకుంది. యెమెన్ నుంచి దూసుకొచ్చిన క్షిపణి దాని సరుకు ట్యాంకును తాకింది. లోపల ఉన్నది నాఫ్తా. నిప్పురవ్వ చాలు భగ్గుమనడానికి! నౌకలో మొత్తం 23 మంది. వాళ్లలో 22 మంది భారతీయులు, ఒకరు బంగ్లాదేశ్ వాసి.

చుట్టూ నల్లటి సముద్రం. కాళ్ల కింద మండే ఇంధనం. సాయం చెయ్యమంటూ నౌక నుంచి కబురు వెళ్లింది. అటుగా ఉన్న భారత యుద్ధనౌక ఒకటి బయల్దేరింది. దాని పేరు... ఐఎన్‌ఎస్ విశాఖపట్నం! అందులోంచి పదిమంది నావికులు మంటలార్పే సామగ్రితో కాలుతున్న నౌక మీదికి ఎక్కారు. అమెరికా, ఫ్రాన్స్ నౌకలూ తోడొచ్చాయి. మన నావికులు దాదాపు ఆరు గంటలపాటు మంటలతో పోరాడారు. చివరికి మంటలు ఆరిపోయాయి. 23 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

ఇప్పుడు ఆ ఓడ జాతకం ఒకసారి చూడండి. జెండా మార్షల్ దీవులది. హూతీ తిరుగుబాటుదారులు దాన్ని 'బ్రిటన్ ఓడ' అన్నారు. లోపలి సరుకు రష్యాది. నడుపుతున్నది భారతీయులు, తోడు ఓ బంగ్లాదేశీయుడు. కొట్టింది యెమెన్ గడ్డ మీదినుంచి. ఎందుకంటే ఇజ్రాయెల్ గాజా మీద చేస్తున్న యుద్ధానికి నిరసనగా అన్నారు. ఆ క్షిపణుల వెనుక ఇరాన్ ఉందని అమెరికా అంటుంది. ఒక్క ఓడ, ఒక్క రాత్రి... పది దేశాల రాజకీయం!

నాయకుల ప్రసంగాలు వింటే ఇదంతా అర్థమవడం కష్టం. పటం దగ్గర మొదలుపెడితే సులువు.

రెండు గుమ్మాల ఇల్లు

ఎర్రసముద్రాన్ని ఓ పొడవాటి ఇల్లు అనుకోండి. దానికి రెండే గుమ్మాలు. దక్షిణాన యెమెన్‌కూ ఆఫ్రికాకూ మధ్య బాబ్ అల్ మందెబ్ జలసంధి. వెడల్పు సుమారు 30 కిలోమీటర్లు. అరబ్బీలో ఆ పేరుకు 'కన్నీటి ద్వారం' అని అర్థం చెబుతారు. ఉత్తరాన ఈజిప్టులో సూయజ్ కాలువ. పొడవు 193 కిలోమీటర్లు. దాన్ని దాటితే మధ్యధరా సముద్రం, ఆపైన ఐరోపా.

ఈ రెండు గుమ్మాలూ తెరిచి ఉంటే ముంబై నుంచి లండన్‌కు సముద్రంలో సుమారు 12 వేల కిలోమీటర్లు. ఏ ఒక్కటి మూసుకున్నా ఆఫ్రికా ఖండమంతా చుట్టి వెళ్లాలి. అప్పుడు దూరం 20 వేల కిలోమీటర్లకు చేరుతుంది. ప్రపంచ వాణిజ్యంలో దాదాపు 12 శాతం ఈ దారినే సాగేదని అంచనా. అందుకే ఈ గుమ్మాల దగ్గర ఎవరు నిలబడితే వాళ్లవైపు ప్రపంచం చూస్తుంది.

దక్షిణ గుమ్మాన్ని ప్రకృతి ఇచ్చింది. ఉత్తరపు గుమ్మాన్ని మనిషి తెరిచాడు. ఫ్రెంచి దౌత్యవేత్త ఫెర్డినాండ్ డి లెసెప్స్ ఈజిప్టు పాలకుడు సయీద్ పాషా దగ్గర అనుమతి సంపాదించాడు. 1859 ఏప్రిల్ 25న తవ్వకం మొదలైంది. మన గోదావరి డెల్టాలో కాలువలకున్నట్టు దీనికి లాకులు లేవు. రెండు సముద్రాల నీటిమట్టం దాదాపు ఒకటే కాబట్టి అవసరం రాలేదు. తవ్వడం మాత్రం తేలిక కాలేదు. తొలి సంవత్సరాల్లో ఈజిప్టు పల్లెల నుంచి రైతుల్ని తోలుకొచ్చి వెట్టిచాకిరీ చేయించారు. కలరాతో, అలసటతో వేలమంది రాలిపోయారు. తరవాత యంత్రాలు వచ్చాయి. పదేళ్ల తరవాత 1869 నవంబరు 17న కాలువ తెరుచుకుంది.

విచిత్రమేమిటంటే, ఈ కాలువ వద్దే వద్దని మొదట్లో గట్టిగా అడ్డం పడింది బ్రిటన్. అది ఫ్రెంచివాళ్ల ఎత్తుగడ అని అనుమానం. తీరా తెరిచాక అందులో ఎక్కువ తిరిగింది బ్రిటిష్ ఓడలే! భారతదేశానికి దగ్గరి దారి దొరికాక వదులుకుంటారా? 1875లో ఈజిప్టు పాలకుడు ఇస్మాయిల్ అప్పుల్లో కూరుకుపోయి తన వాటాలు అమ్మకానికి పెట్టాడు. ఆ కబురు వినగానే బ్రిటిష్ ప్రధాని డిజ్రేలీ రోత్‌షీల్డ్ బ్యాంకు దగ్గర 40 లక్షల పౌండ్లు అప్పు తీసుకుని 44 శాతం వాటా కొనేశాడు. ఏడేళ్లకు, 1882లో, బ్రిటిష్ సైన్యం ఈజిప్టులోనే దిగింది. అప్పు తీర్చలేనివాడి పొలం ఏమవుతుందో మన ఊళ్లలో ఎవర్నడిగినా చెబుతారు. దేశాలకూ అదే గతి!

ఒక పేరు... పద్నాలుగుసార్లు

1956 జులై 26 సాయంత్రం. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరం. అధ్యక్షుడు గమాల్ అబ్దుల్ నాసర్ బహిరంగ సభలో మాట్లాడుతున్నాడు. రేడియోలో ప్రసారమవుతోంది. మాటల మధ్యలో 'డి లెసెప్స్' పేరు ఎత్తాడు. మళ్లీ ఎత్తాడు. మళ్లీ మళ్లీ... పద్నాలుగుసార్లు అన్నాడంటారు! కాలువ తవ్వించినవాడి మీద అంత మక్కువ ఏమిటని జనం అనుకునేలోపే అసలు సంగతి బయటపడింది. ఆ పేరే సంకేతం. రేడియో దగ్గర చెవులు రిక్కించి కూర్చున్న ఈజిప్టు బృందాలు ఆ మాట వినపడగానే కాలువ కంపెనీ కార్యాలయాల్లోకి అడుగుపెట్టాయి. ప్రసంగం ముగిసేసరికి సూయజ్ కాలువ ఈజిప్టు సొంతమైంది.

అంతకు వారం ముందే అమెరికా ఆస్వాన్ ఆనకట్టకు ఇస్తానన్న డబ్బు ఇవ్వనంది. 'అయితే కాలువ ఆదాయంతోనే కట్టుకుంటాం' అన్నది నాసర్ జవాబు. బ్రిటన్, ఫ్రాన్స్ మండిపడ్డాయి. ఈజిప్టువాళ్లకు కాలువ నడపడం చేతకాదని లోకానికి చాటాలనుకున్నాయి. సెప్టెంబరు నడుమ విదేశీ పైలట్లలో అత్యధికులు ఒక్కసారిగా పని మానేసి వెళ్లిపోయారు. ఉన్న కొద్దిమంది ఈజిప్టు పైలట్లు, వేరే దేశాల నుంచి వచ్చిన మరికొందరూ రాత్రింబవళ్లు శ్రమించి ఓడల్ని నడిపారు. కాలువ ఆగలేదు.

ఇక మిగిలింది యుద్ధం. అక్టోబరులో పారిస్ శివార్లలోని సెవ్ర్ అనే చోట ఓ ఇంట్లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ ప్రతినిధులు రహస్యంగా కలిశారు. పథకం ఇదీ... ముందు ఇజ్రాయెల్ దాడి చేస్తుంది. అప్పుడు బ్రిటన్, ఫ్రాన్స్ 'తగవు తీర్చడానికి' వచ్చినట్టు వచ్చి కాలువను పట్టుకుంటాయి. ఆ ఒప్పందం కాగితాలు మిగలకూడదని బ్రిటిష్ ప్రధాని ఆంథొనీ ఈడెన్ తమ ప్రతులను నాశనం చేయించాడు. ఇజ్రాయెల్ తన ప్రతిని దాచుకుంది!

అక్టోబరు 29న అనుకున్నట్టే యుద్ధం మొదలైంది. ఈజిప్టు ఓడల్ని ముంచి కాలువను మూసేసింది. ఇక్కడే కథ మలుపు తిరిగింది. బ్రిటన్‌కు అండగా ఉంటుందనుకున్న అమెరికా అడ్డం తిరిగింది. పౌండు విలువ జారిపోతుంటే, సైన్యాన్ని వెనక్కి పిలిచేదాకా సాయం లేదంది. మరోవైపు సోవియట్ యూనియన్ రాకెట్ల పేరెత్తి బెదిరించింది. అంతటి బ్రిటిష్ సామ్రాజ్యమూ వారం తిరక్కుండా కాల్పులు ఆపింది. డిసెంబరులో సైన్యాలు వెళ్లిపోయాయి. రెండు రోజులకు పోర్ట్ సయీద్ రేవులో డి లెసెప్స్ విగ్రహాన్ని జనం కూల్చేశారు. 1957 జనవరిలో ఈడెన్ పదవి వదిలాడు. బ్రిటన్‌లో పెట్రోలుకు రేషను పెట్టారు. ప్రపంచ పెద్దరికం లండన్ నుంచి వాషింగ్టన్‌కూ మాస్కోకూ మారిందని అప్పుడు అందరికీ అర్థమైంది.

మరి మన దేశం? ఆ జులైలోనే నెహ్రూ, నాసర్, టిటో యుగొస్లావియాలోని బ్రియోనీలో కలిశారు. అక్కడినుంచి నెహ్రూ కైరో మీదుగా తిరిగొచ్చిన కొద్దిరోజులకే నాసర్ ప్రకటన వెలువడింది. ముందే తెలిసుంటుందని పశ్చిమ దేశాలు అనుమానించినా నెహ్రూకు అది కొత్త వార్తే. లండన్ చర్చల్లో కృష్ణమీనన్ రాజీ కోసం తిరిగారు. దాడి జరిగాక భారత్ గట్టిగా ఖండించింది. ఐక్యరాజ్యసమితి మొదటి శాంతిసేనలో మన సైనికులు సినాయ్, గాజాలకు వెళ్లి పదేళ్లకు పైగా కాపలా కాశారు. 1967లో మళ్లీ యుద్ధం వచ్చినప్పుడు పలువురు అక్కడే ప్రాణాలు విడిచారు. గాజా పేరు మనకు టీవీ ఛానళ్లతో పరిచయమైందనుకుంటాం. మన సైనిక కుటుంబాలకు ఆ పేరు అప్పటినుంచే తెలుసు.

అయితే అదే వారంలో, 1956 నవంబరు 4న, సోవియట్ ట్యాంకులు హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లోకి దూసుకెళ్లాయి. సూయజ్ విషయంలో వెంటనే గళమెత్తిన భారత్ హంగరీ విషయంలో తడబడిందని ఇంటా బయటా విమర్శలు వచ్చాయి. న్యాయం ఎవరివైపున్నా, ఏ దేశమైనా తన అవసరాన్ని పక్కనపెట్టి మాట్లాడటం కష్టమని అప్పుడూ తేలింది.

ఎనిమిదేళ్లు ఇసుకలో...

1967 జూన్ 5 ఉదయం. ఓడల వరస ఒకటి కాలువలో ఉత్తరానికి సాగుతోంది. హఠాత్తుగా ఆకాశంలో ఇజ్రాయెల్ విమానాలు. ఆరు రోజుల యుద్ధం మొదలైంది! ఓడల్ని కాలువ మధ్యలో ఉన్న గ్రేట్ బిట్టర్ లేక్ అనే ఉప్పునీటి సరస్సులో ఆపేశారు. యుద్ధం ఆరు రోజుల్లో ముగిసింది. కాలువ మాత్రం తెరుచుకోలేదు. తూర్పు గట్టున ఇజ్రాయెల్ సైన్యం, పడమటి గట్టున ఈజిప్టు సైన్యం. మధ్యలో 14 ఓడలు. ఒక రోజు కాదు, ఒక ఏడాది కాదు... ఎనిమిదేళ్లు!

బ్రిటన్ ఓడలు నాలుగు, పశ్చిమ జర్మనీవి రెండు, స్వీడన్‌వి రెండు, పోలండ్‌వి రెండు, అమెరికా, ఫ్రాన్స్, బల్గేరియా, చెకొస్లొవేకియాలవి ఒక్కొక్కటి. అంటే ప్రచ్ఛన్నయుద్ధంలో ఉన్న రెండు శిబిరాలూ ఒకే చెరువులో లంగరు వేశాయన్నమాట. ఎడారి గాలికి ఇసుక పడీపడీ ఓడలన్నీ పసుపురంగుకు తిరిగాయి. అందుకే వాటికి 'ఎల్లో ఫ్లీట్' అని పేరొచ్చింది.

గట్ల మీద తుపాకులు పేలుతుంటే, నీళ్ల మీద ఆ నావికులు ఏం చేశారో తెలుసా? ఓ సంఘం పెట్టుకున్నారు. ఒక ఓడలో తిండి అయిపోతే మరో ఓడవాళ్లు పంచారు. జర్మన్ ఓడలో ప్రార్థనలు, బల్గేరియా ఓడలో సినిమాలు, బ్రిటిష్ ఓడ డెక్కు మీద ఫుట్‌బాల్! 1968లో సొంతంగా ఒలింపిక్స్ కూడా జరుపుకున్నారు. చేత్తో తపాలాబిళ్లలు గీసి ఉత్తరాలకు అంటించారు. వాటికోసం ఇప్పటికీ సేకర్తలు వెతుకుతుంటారు. ఐక్యరాజ్యసమితిలో ఒకరి మీద ఒకరు విరుచుకుపడుతున్న దేశాల మనుషులు, ఆ సరస్సులో ఒకరి పుట్టినరోజుకు ఒకరు వెళ్లొచ్చారు.

గట్టున ఉన్నవాళ్ల కథ అంత తీయగా లేదు. సూయజ్, ఇస్మాయిలియా, పోర్ట్ సయీద్ నగరాల మీద గుళ్ల వాన కురిసింది. లక్షలమంది ఇళ్లు వదిలి కైరోకూ పల్లెలకూ తరలిపోయారు. ఏళ్ల తరబడి కాందిశీకులుగా బతికారు. పెద్ద రాజ్యాల చదరంగంలో ముందు కదిలేది, ముందు పడిపోయేది మామూలు మనుషులే.

1975లో కాలువ తెరుచుకున్నప్పుడు ఆ ఓడల్లో రెండంటే రెండే తమ ఇంజిన్లతో ఇల్లు చేరాయి. రెండూ జర్మన్ ఓడలే. హాంబర్గ్ రేవులో వేలమంది వాటికి ఎదురెళ్లి స్వాగతం చెప్పారు.

దుబాయి దారి ఇక్కడినుంచే!

ఇంతకుముందే అదే సరస్సులో మరో సంగతి జరిగింది. 1945 ఫిబ్రవరి 14న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అక్కడ ఓ యుద్ధనౌక మీద సౌదీ రాజు ఇబ్న్ సౌద్‌ను కలిశాడు. చమురున్న సౌదీకీ, ఆయుధాలున్న అమెరికాకూ స్నేహం ఆ పడవ మీదే బలపడింది.

ఆ చమురు ఆయుధంగా మారిన రోజు కూడా ఈ కాలువతోనే ముడిపడి ఉంది. 1973 అక్టోబరు 6న ఈజిప్టు సైన్యం కాలువ దాటింది. తూర్పు గట్టున ఇజ్రాయెల్ కట్టిన ఎత్తైన ఇసుక గోడను బాంబులతో కాదు, నీళ్లతో కొట్టింది. పెద్ద పంపులతో కాలువ నీటినే చిమ్మి గోడను కరిగించి దారులు చేసుకుంది! తరవాత ఇజ్రాయెల్ పుంజుకుంది. అమెరికా దానికి ఆయుధాలు పంపింది. కోపంతో అరబ్ దేశాలు చమురు సరఫరా బిగించాయి. పీపా సుమారు 3 డాలర్లున్న చమురు 1974 జనవరికల్లా దాదాపు 12 డాలర్లకు చేరింది.

ఆ దెబ్బకు మన దేశంలో దిగుమతుల బిల్లు భగ్గుమంది. అదే సమయంలో గల్ఫ్ దేశాల్లో డబ్బు వరదలా పారింది. రోడ్లు, రేవులు, భవంతులు లేచాయి. కట్టడానికి చేతులు కావాలి. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పల్లెల నుంచి మేస్త్రీలు, కూలీలు విమానమెక్కారు. కడప, గోదావరి జిల్లాల నుంచి మగవాళ్లూ ఆడవాళ్లూ కువైట్ దారి పట్టారు. 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అని తెలంగాణలో బతుకుదెరువుకు మూడు పేర్లు చెప్పడం మొదలైంది. మూడో 'బాయి'కి దారి వేసింది ఏ నాయకుడి పథకమూ కాదు... సూయజ్ గట్టున జరిగిన యుద్ధం!

అందుకే అక్కడ ఏ గొడవ జరిగినా ఇక్కడ ఎన్నో ఇళ్లలో టీవీ ముందు జనం గుమిగూడతారు. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షా 70 వేలకు పైగా భారతీయుల్ని జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఎందరో. ఏళ్ల సంపాదన వదిలి కట్టుబట్టలతో దిగినవాళ్లకు 'అంతర్జాతీయ రాజకీయం' అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

శత్రువు ఓడకు దారి

శాశ్వత శత్రుత్వం అనే మాట నిజమేనా? 1973లో కాలువ దాటి యుద్ధం చేయించిన ఈజిప్టు అధ్యక్షుడు సాదత్, నాలుగేళ్లకే 1977లో జెరూసలెం వెళ్లి ఇజ్రాయెల్ పార్లమెంటులో ప్రసంగించాడు. 1979 మార్చిలో రెండు దేశాలూ శాంతి ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఏప్రిల్లోనే ఇజ్రాయెల్ జెండాతో ఓడ సూయజ్ కాలువలో సాగింది. సోవియట్ శిబిరంలో ఉన్న ఈజిప్టు అమెరికా వైపు వచ్చేసింది.

దానికి ధర కూడా పెద్దదే. తోటి అరబ్ దేశాలు ఈజిప్టును అరబ్ లీగ్ నుంచి పదేళ్లపాటు వెలివేశాయి. 1981 అక్టోబరు 6న, కాలువ దాటిన విజయదినాన, సైనిక కవాతులోనే సాదత్‌ను కాల్చి చంపారు. అయినా ఒప్పందం నిలిచింది. కాలువ ఆదాయం, తిరిగొచ్చిన సినాయ్, అమెరికా సాయం... ఇవన్నీ దానికి గట్టు కట్టాయి.

కన్నీటి ద్వారం

చాలా ఏళ్లు కాలువను జనం మరిచిపోయారు. 2021 మార్చి 23న మళ్లీ గుర్తొచ్చింది. 400 మీటర్ల పొడవైన 'ఎవర్ గివెన్' నౌక అడ్డం తిరిగి గట్టులో కూరుకుపోయింది. యజమాని జపాన్, నడిపే కంపెనీ తైవాన్‌ది, జెండా పనామాది, సిబ్బంది 25 మందీ భారతీయులు. ఆరు రోజులకు ఓడ కదిలింది. అప్పటికి వందల ఓడలు బారులు తీరాయి. పరిహారం తగవు తేలేదాకా, జులై 7 వరకు ఓడను ఆపేశారు. ఎక్కడో తెలుసా? అదే గ్రేట్ బిట్టర్ లేక్‌లో!

అది ప్రమాదం. తరవాతది యుద్ధం. యెమెన్‌లో 2014లో హూతీలు రాజధాని సనాను పట్టుకున్నారు. 2015లో సౌదీ నాయకత్వంలో వైమానిక దాడులు మొదలయ్యాయి. అప్పుడు మన ప్రభుత్వం 'ఆపరేషన్ రాహత్' పేరుతో 4,600 మందికి పైగా భారతీయుల్ని, 41 దేశాలకు చెందిన మరో 960 మందినీ బయటికి తెచ్చింది. ఆ యుద్ధంలో యెమెన్ ఆకలితో అల్లాడింది. ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు.

2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి, ఆపైన గాజా యుద్ధం. నవంబరు 19న హూతీలు హెలికాప్టర్‌లో దిగి 'గెలాక్సీ లీడర్' అనే నౌకను పట్టుకున్నారు. అది గుజరాత్‌లోని పిపావావ్ రేవుకు వస్తున్న ఓడ. అందులోని 25 మంది నావికులు విడుదలయ్యేసరికి 2025 జనవరి 22 వచ్చింది. 430 రోజులు! ఫిలిప్పీన్స్, మెక్సికో, బల్గేరియా లాంటి దేశాల ఆ మనుషులకు గాజాతో ఏ సంబంధమూ లేదు.

ఆ తరవాత వందకు పైగా ఓడల మీద దాడులు జరిగాయి. 2024 మార్చిలో 'ట్రూ కాన్ఫిడెన్స్' నౌక మీద క్షిపణి పడి ముగ్గురు నావికులు చనిపోయారు. మిగిలినవారిని ఐఎన్‌ఎస్ కోల్‌కతా కాపాడింది. 2024లో రెండు ఓడలు, 2025 జులైలో మరో రెండు మునిగిపోయాయి. పెద్ద పెద్ద షిప్పింగ్ కంపెనీలు ఎర్రసముద్రాన్ని వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. ప్రయాణం పది రోజుల నుంచి రెండు వారాలు పెరిగింది. కంటైనర్ కిరాయిలు ఎగబాకాయి. ఆంధ్ర చెరువుల్లో పెరిగి శీతల కంటైనర్లలో ఐరోపాకు వెళ్లే రొయ్యకు సైతం ఆ భారం తగిలింది.

అందరికన్నా ఎక్కువ నష్టపోయింది ఎవరో తెలుసా? ఎవరి మీదా ఒక్క తూటా పేల్చని ఈజిప్టు! 2023లో 10 బిలియన్ డాలర్లు దాటిన కాలువ ఆదాయం 2024లో 4 బిలియన్ల దగ్గరికి పడిపోయింది. ఉత్తరపు గుమ్మం బార్లా తెరిచే ఉంది. దక్షిణపు గుమ్మం దగ్గర భయం కూర్చుంది. ఇంకేం లాభం?

ఇక్కడే ఈ కాలపు కొత్త సంగతి ఉంది. 1875లో కాలువను శాసించడానికి బ్యాంకు కావాల్సి వచ్చింది. 1956లో అణ్వస్త్ర రాజ్యాల హుంకరింపు కావాల్సి వచ్చింది. 2023లో ఒక పేద దేశంలోని ఓ తిరుగుబాటు వర్గం చవక డ్రోన్లతో అదే పని చేసింది. ఆ డ్రోన్లను కూల్చడానికి పెద్ద దేశాలు లక్షల డాలర్ల క్షిపణులు ఖర్చు పెట్టాయి. దారిని కాపాడటం కన్నా చెడగొట్టడం చవకైపోయింది.

పాత పెద్దల పక్కన కొత్త పెద్దలూ వచ్చారు. కన్నీటి ద్వారం పక్కనే ఉన్న చిన్న దేశం జిబూటీలో అమెరికా, ఫ్రాన్స్, జపాన్‌లతోపాటు 2017 నుంచి చైనాకూ సైనిక స్థావరం ఉంది. ఏళ్ల తరబడి ఉప్పూనిప్పులా ఉన్న సౌదీ, ఇరాన్ 2023 మార్చి 10న చేతులు కలిపితే, ఆ కాగితం మీద సంతకాలు జరిగింది బీజింగ్‌లో. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీ జీ20 సదస్సులో భారత్ నుంచి గల్ఫ్ మీదుగా ఐరోపాకు రైళ్లూ ఓడలతో కొత్త నడవా వేద్దామని ప్రకటించారు. సూయజ్‌కు పక్కదారి అన్నమాట. ఆ దారి ఇజ్రాయెల్ మీదుగా వెళ్లాలి. నెల తిరక్కుండానే అక్కడ యుద్ధం మొదలైంది!

యుద్ధ వార్త చదివేటప్పుడు...

ఈ కాలువ కథ తెలిస్తే రేపటి వార్తను చదవడం కాస్త తేలికవుతుంది. నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

ఎక్కడ? ముందు పటం తియ్యండి. పిల్లల అట్లాసు చాలు. గొడవ జరుగుతున్న చోట జలసంధి, చమురు బావి, పైపులైను, నది, రేవు ఏమున్నాయో చూడండి. సగం కారణం అక్కడే దొరుకుతుంది.

నిన్న ఎవరెక్కడ? ఇవాళ్టి మిత్రులు ఇరవై ఏళ్ల కిందట ఏ పక్షమో వెతకండి. 1956లో బ్రిటన్‌ను నిలదీసిన అమెరికా, 2024 జనవరిలో అదే బ్రిటన్‌తో కలిసి యెమెన్ మీద దాడులు చేసింది. స్నేహాలకు తేదీలు ఉంటాయి. తేదీ లేకుండా మిత్రుడూ శత్రువూ అనుకుంటే బోల్తా పడతాం.

బిల్లు ఎవరికి? కొట్టుకునే ఇద్దరినే చూడకండి. పక్కవాడి జేబు చూడండి. ఈజిప్టు ఆదాయం, మన రొయ్య కిరాయి, బ్రిటన్ పెట్రోలు రేషను... యుద్ధం బిల్లు చాలాసార్లు చిరునామా తప్పి వస్తుంది.

అక్కడ మనవాళ్లు ఎవరు? నావికుడు, మేస్త్రీ, నర్సు, ఇంటిపని మనిషి. ఏ మూల నిప్పంటుకున్నా ఆ మంటల దగ్గర ఓ భారతీయుడు ఉండే అవకాశం ఎక్కువ. అందుకే అది దూరపు వార్త కాదు.

కాలువ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. దాని గట్టున ఖేదివ్ పోయాడు, డిజ్రేలీ పోయాడు, ఈడెన్, నాసర్, సాదత్ అందరూ పోయారు. జెండాలు దిగాయి, ఎక్కాయి. అందరి కాలంలోనూ మారనివాళ్లు ఒక్కరే... ఓడ నడిపేవాళ్లు. 1967లో పసుపు ఇసుక కప్పిన ఓడల్లో అమెరికావాడికీ పోలండ్‌వాడికీ రొట్టె పంచుకోవడానికి ఏ ఒప్పందమూ అడ్డురాలేదు. 2024లో మండుతున్న నాఫ్తా మీదికి నీళ్లు చిమ్మిన పదిమంది నావికులు ఆ సరుకు ఎవరిదని అడగలేదు. లోపల 23 మంది ఉన్నారు, అంతే!

రాజ్యాలకు అవసరాలుంటాయి. అవి మారుతుంటాయి. వాటిని పటం చూసి అర్థం చేసుకోవచ్చు. ఆ పటం మీద కనిపించని ఈ మనుషుల్ని కూడా గుర్తుపెట్టుకుంటే, అంతర్జాతీయ వార్తల పేజీ అంత గందరగోళంగా ఉండదు.